పెళ్లివారు వెళ్లాక బూరెలు

ఆ చలికాలమంతా నేను అన్నపూర్ణేశ్వరి గారిని చూసి ఏడ్చాను. కన్నీళ్లు పెట్టుకుని కాదు, కడుపులో పెట్టుకుని. కుళ్లు అనండి, కడుపుమంట అనండి, ఓర్వలేనితనం అనండి, ఏ పేరు పెట్టి పిలిచినా పలుకుతాను. ఇప్పుడింత తీరిగ్గా ఒప్పుకుంటున్నానంటే అది తగ్గిపోయిందని మాత్రం అనుకోకండి.

మేముండేది ఢిల్లీ పక్కన వైశాలిలో, మెట్రో స్టేషన్‌కి పది నిమిషాల నడక. మాది ఐదో అంతస్తు, ఆవిడది రెండో అంతస్తు. సొసైటీలో తెలుగువాళ్లం పదహారు ఇళ్ల వాళ్లం, అందరికీ కలిపి ఫోన్లో ఒక గ్రూపు. గోంగూర బండి ఏ గేటు దగ్గర ఆగింది, ఉగాదికి వేపపువ్వు ఎవరు తెస్తున్నారు లాంటివి అందులో నడుస్తుంటాయి. ఆ గ్రూపులో నాకొక హోదా ఉండేది. ప్రతి గురువారం సాయంత్రం ‘ఈ వారం ఇంట్లో చూడదగ్గవి’ అని జాబితా పెట్టేదాన్ని. హాల్లో ఆడి ఇంటికొచ్చినవి, హాలు మొహం చూడకుండా తిన్నగా ఇంటికే వచ్చినవి, అన్నింటినీ జల్లెడ పట్టి మూడు మిగిల్చేదాన్ని. ట్రైలర్ చూసి ఎంచడం నాకు గిట్టదు. ట్రైలరంటే పెళ్లిచూపులు, ఆ పూటకి అందరూ బుద్ధిమంతులే. మాటలెవరు రాశారు, నిడివెంత, చూసినవాళ్లు ఎక్కడ ఆపి టీ పెట్టుకున్నారు, ఇవి కనుక్కుంటే సగం సంగతి తెలిసిపోతుంది.

ఐదేళ్లు నా మాటకి ఎదురు లేదు. అప్పుడు అనంతరామయ్య గారు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం నుంచి రిటైరై, క్వార్టర్స్ ఖాళీ చేసి, భార్య అన్నపూర్ణేశ్వరి గారితో రెండో అంతస్తులో దిగారు. ఆవిడది బాపట్ల. వచ్చిన మూడో వారమే నా జాబితా కింద ఇలా రాసింది: “కావేరీ, నువ్వు చెప్పావని చూశాం. ఇంటర్వెల్ దాకా మా ఆయన నిద్రపోయారు, ఇంటర్వెల్ నుంచి నేను.” గ్రూపంతా పళ్లికిలించిన బొమ్మలు పెట్టింది. ఆ రోజు నుంచి ప్రతి శుక్రవారమో శనివారమో ఆవిడ తీర్పు ఒకటి వచ్చేది, నేను జవాబిచ్చేదాన్ని. లిఫ్టులో కనిపిస్తే మాత్రం ఇద్దరం చలి గురించే మాట్లాడుకునేవాళ్లం.

నిజానికి ఈ సినిమాల గోలంతా గ్రూపు కోసం మొదలుపెట్టింది కాదు, మా తేజశ్రీ కోసం. దానికి పదిహేడేళ్లు, పన్నెండో క్లాసు. పుట్టింది ఢిల్లీలో, పెరిగింది ఇక్కడ. నేను తెలుగులో అడుగుతాను, అది హిందీలో చెబుతుంది. “అన్నం పెట్టనా?” అంటే “బాద్ మే,” తర్వాతట. “చలికి టోపీ పెట్టుకో” అంటే “మమ్మీ, చిల్.” ఆరో ఏడు వచ్చినప్పటి నుంచి ఒకే ఒక్క నియమం పెట్టాను: శుక్రవారం సాయంత్రం ఏడింటికి ముగ్గురం సోఫాలో కూర్చుని తెలుగు సినిమా చూడాలి. చూసినంతసేపూ నేను వాగుతూనే ఉంటాను, సామెతలు విసురుతాను, పాత్రల్ని తిడతాను. అది నా ఒళ్లో కాళ్లు పెట్టుకుని పడుకుంటుంది. వచ్చే జూన్‌కి ఏ ఊళ్లో ఏ కాలేజీలో ఉంటుందో తెలియదు. వారానికి ఆ రెండున్నర గంటలే పిల్ల నాది. అది చేజారితే నాకింక దానితో మాట్లాడ్డానికి అన్నం, టోపీ తప్ప ఏమీ మిగలవు.

దీపావళి వెళ్లిన వారానికి ఎప్పట్లాగే పొగ దిగింది. బాల్కనీలో నిలబడితే ఎదురు బ్లాకు కనబడటం మానేసింది. బడులు మూసేసి క్లాసులు ఇంట్లోంచే వినమన్నారు. తేజ రోజంతా ఇంట్లో, నేనేమో నోయిడాలో మీడియా ఆఫీసులో. అడ్మిన్ పని కనక ఊరంతా ఇంటినుంచి పని చేసినా నాకు మాత్రం పొద్దున్నే క్యాబ్ వచ్చి గేటు దగ్గర నిలబడేది.

ఆ శుక్రవారం మూడు సినిమాలున్నాయి. మా ఆయన శివకుమార్ మఫ్లర్ విప్పుతూనే, “తుపాకులున్నది ఏదైనా ఉందా?” అన్నారు. పొద్దస్తమానం మంత్రిత్వ శాఖలో ఫైళ్లు చూసొచ్చిన మనిషికి నాలుగు కార్లు గాల్లోకి లేస్తే గానీ తెలుగు సినిమా చూసినట్టుండదు.

“ఒకటుంది. కానీ గంటన్నర దాకా ఎవడు ఎవణ్ణి ఎందుకు కాలుస్తున్నాడో తెలీదుట,” అన్నాను.

“కాలిస్తే చాలు, కారణమెందుకు?”

“లాయర్ వాలీ లగావో,” అంది తేజ. “ఉస్ మే బాతే జ్యాదా హై. మాటలెక్కువ.”

నా చెవుల్ని నేను నమ్మలేదు. కొరియా సీరియల్ కావాలని పేచీ పెట్టే పిల్ల, మాటలెక్కువున్న తెలుగు సినిమా కావాలంటోంది. రిమోట్ కూడా అదే తీసుకుని చకచకా పెట్టేసింది. పదకొండేళ్లు పోసిన నీళ్లు ఇన్నాళ్లకి వేరుకి అందాయని మురిసిపోయాను.

సినిమా మధ్యలో ఒకచోట ముసలి లాయరు కోర్టులో లేచి నిలబడి జేబులు తడుముకుంటున్నాడు. తేజ నవ్వింది. నవ్విన తర్వాత ఆ లాయరు జేబులోంచి కాగితాలకి బదులు భార్య రాసిచ్చిన కూరగాయల చీటీ తీశాడు. జడ్జి గారి ముందు బీరకాయలూ కొత్తిమీరా చదివాడు. మా ఆయన నవ్వారు, నేనూ నవ్వాను. కానీ పిల్ల జోకు రాకముందే ఎందుకు నవ్విందన్నది చిన్న ముల్లులా దిగింది. సినిమా అయ్యాక ఫోన్ తీసి చూస్తే, మేం టీవీ ముందు కూర్చునే గంటన్నర ముందే అన్నపూర్ణేశ్వరి గారి తీర్పు గ్రూపులో పడి ఉంది. “కూరగాయల చీటీ ఒక్కటే ఈ సినిమాలో గట్టి సాక్ష్యం,” అని రాసింది. బాగుంది. ఆ మాట నాకెందుకు తట్టలేదా అని ఒళ్లు మండింది.

పై వారం తేజ స్నానాల గదిలో ఉండగా రిమోట్ నా చేతికి వచ్చింది. ఎంచిన సినిమా నొక్కాను. సినిమా మొదలవలేదు, చివర్లో పడే పేర్లు పడుతున్నాయి. వెనక్కొచ్చి చూస్తే బొమ్మ కింద ఎర్ర గీత ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఉంది. ఆ సినిమా ఆ రోజే వచ్చింది. అంటే మా ఖాతాలో ఎవరో మధ్యాహ్నమే మొత్తం చూసేశారు.

“ఏవండీ, ఆఫీసులో కూర్చుని సినిమాలు చూస్తున్నారా?”

“నేనా? మా సెక్షన్లో నెట్ వస్తే పండగ చేసుకుంటాం.”

చేతులు తుడుచుకుంటూ వచ్చిన తేజ ఎర్ర గీత చూసి, నా మొహం చూసి, “క్లాస్ బోరింగ్ థీ, సైడ్ మే దేఖ్ లీ,” అంది.

“ఒక్కదానివేనా?”

“అకేలే. ఔర్ కౌన్?”

అబద్ధమాడేటప్పుడు అది జడ కొస చూసుకుంటుంది. అప్పుడు జడ కొసే చూసుకుంటోంది. ఆ రాత్రి సినిమాలో ఏం జరిగిందో నాకు గుర్తులేదు. నా శుక్రవారాన్ని నాకన్నా ముందు ఎవరితోనో కూర్చుని తినేసి, ఎంగిలి నాకు పెట్టింది. ఎవరితోనన్నది తెలిస్తే కాస్త కుదురుగా ఏడవచ్చు, అదీ తెలియదాయె.

ఈలోగా గ్రూపులో అన్నపూర్ణేశ్వరి గారి వైభవం పెరిగిపోయింది. అంతకు ముందు రెండు ముక్కలు రాసే మనిషి ఇప్పుడు పది వాక్యాలు రాస్తోంది, ఆ పదీ ఘాటుగానే ఉంటున్నాయి. హీరో నడక ఎలా ఉంది, హీరోయిన్ కిటికీలోంచి ఎటు చూసింది, వెనకాల గోడ మీద ఏ క్యాలెండరుంది, అన్నీ పట్టుకుంటోంది. మూడో అంతస్తు సాయినాథ్ “మేడమ్, ఈ మధ్య మీ చూపు బాగా పదునెక్కింది. జాబితా కోసం కాదు, మీ తీర్పు కోసం ఆగుతున్నాం,” అని రాశాడు. దానికి తొమ్మిది మంది చప్పట్లు కొట్టారు. నేనూ ఒక చప్పట్ల బొమ్మ పెట్టాను. పెట్టకపోతే ఏడుస్తున్నానని తెలిసిపోతుందిగా.

నవంబరు చివర్లో ఒక సాయంత్రం లిఫ్టులో అనంతరామయ్య గారు తగిలారు. చేతిలో మందుల సంచి, కోతి టోపీ. ఎవరికి ఒంట్లో బాగాలేదని అడగాల్సింది. అడగలేదు. ఆయనే, “తేజకి పరీక్షలెప్పుడమ్మా? శుక్రవారాలు దాని చదువుకి అడ్డం కావట్లేదు కదా?” అన్నారు. అని, నాలుక కరుచుకుని, రెండో అంతస్తు రాకుండానే తలుపు వైపు తిరిగి నిలబడ్డారు.

ఓహో, అనుకున్నాను. అయితే అక్కడా.

నా మనసెలా ఉడికిందో చెప్పనలవి కాదు. పదహారు ఇళ్లుండగా, ఆ పిల్లకి ఆవిడే దొరికిందా? నా మాటకి అడ్డం తగిలే మనిషి పక్కన కూర్చుని, నేను ఎంచిన సినిమానే చూసి, సాయంత్రం నా దగ్గరికొచ్చి ఆవలిస్తుందా? నోరు తెరిచి అడిగేద్దామనుకున్నాను. అడిగితే “హాఁ, వహాఁ మజా ఆతా హై” అంటుందేమోనని భయమేసింది. అక్కడ బాగుందంటే నేనేం చేసుకోను? అడగలేదు.

డిసెంబరు మొదటి శుక్రవారం వచ్చిన తీర్పుతో నా ఓర్పు తెగింది. ఆ వారం సినిమా ఒక దొంగ గురించి. చివరి అరగంటలో అక్కర్లేని కథంతా చెప్పుకొచ్చారు. అన్నపూర్ణేశ్వరి గారు దాని మీద రాసింది: “పెళ్లివారు వెళ్లాక బూరెలు వేసినట్టుంది.”

ఆ మాట మా అమ్మది. మా అమ్మ హనుమాయమ్మ, మండపేటలో మా మేనత్త పెళ్లినాడు పుట్టించిన మాట. వంటవాడు పొయ్యి పక్కనే నిద్రపోయాడు. మగపెళ్లివారు బస్సెక్కి ఊరు దాటాక లేచి, ఐదు వందల బూరెలు వేశాడు. వారం రోజులు ఇంటిల్లిపాదీ బూరెలే తిన్నారు. అప్పటి నుంచి ఆలస్యంగా జరిగే ప్రతి మంచిపనికీ మా అమ్మ అదే అనేది. మా అక్కచెల్లెళ్లు ముగ్గురి నోట తప్ప ఆ మాట భూమ్మీద ఇంకెక్కడా వినబడదు. బాపట్ల ఆవిడకి ఎవరిచ్చారు? గ్రూపులో దానికి పద్నాలుగు చప్పట్లు పడ్డాయి. ఒకావిడ “మీ ఊరి సామెతలే వేరండీ” అని కూడా రాసింది.

“మా అమ్మ మాటని ఎత్తుకుపోయింది,” అన్నాను మా ఆయనతో.

“మాటే కదా, మళ్లీ నువ్వు వాడుకోవచ్చు.”

“పిల్లని ఎత్తుకుపోయింది, పిల్ల నోట్లో మాట కూడా లాక్కుంది!”

“ఎవరే?”

“మీకు తుపాకులు తప్ప ఏమీ కనబడవు,” అని లేచిపోయాను.

పై శుక్రవారం పొగ మరీ ముదిరి, ఆఫీసుల్లో సగం మందే ఉండాలని మధ్యాహ్నం పన్నెండింటికి ఉత్తర్వు వచ్చింది. క్యాబ్ రెండున్నరకల్లా నన్ను గేటు దగ్గర దింపింది. లిఫ్టులో ఐదు నొక్కాల్సిన వేలు రెండు నొక్కింది. దారంతా మాటలు కూర్చుకుంటూనే వచ్చాను. “మా అమ్మాయిని పంపిస్తారా, అది నా కూతురు” అన్నది మొదటి వాక్యం. రెండోది ఇంకా ఘాటైనది.

లిఫ్టు తలుపు తెరుచుకుంటే, వాళ్లింటి ముందు వరండాలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని అనంతరామయ్య గారు పేపరు చదువుకుంటున్నారు. ఒంటి మీద శాలువా, తలకి కోతి టోపీ. ఇంటి తలుపు ఓరగా వేసి ఉంది. నన్ను చూసి ఆయన లేవబోయి, లేవలేక, పెదాల మీద వేలు పెట్టుకున్నారు.

“బయట కూర్చున్నారేంటండీ ఈ పొగలో?” అన్నాను, గొంతు దానంతటదే తగ్గింది.

“లోపల సినిమా నడుస్తోందమ్మా. నేను మధ్యలో మాట్లాడతానని తరిమేశారు.”

తలుపు సందులోంచి హాలు కనిపిస్తోంది. గోడకి టీవీ. దానికి అడ్డంగా దివాన్ మంచం. మంచం మీద అన్నపూర్ణేశ్వరి గారు బోర్లా పడుకుని ఉంది. నుదురు గుండ్రటి దిండు మధ్యలో ఆనించి, మొహం నేలకేసి, ఒక కంటి మీద ప్లాస్టిక్ మూత. టీవీ ఆవిడ వీపుకి కనిపిస్తోంది. నేల మీద, మంచానికి ఆనుకుని, మోకాళ్ల మీద గడ్డం పెట్టుకుని మా తేజ.

“ఇప్పుడు ఏరు కనబడుతోందండీ,” అంటోంది. “తెల్లారుతోంది. మంచు ముసురేసింది, అవతలి గట్టు లేదు. చిన్న పడవొకటి వస్తోంది. అందులో ఒకావిడ, ఎర్ర చీర. ఒళ్లో సంచి గట్టిగా పట్టుకుంది. ఏడవట్లేదు గానీ, ఏడ్చి ఏడ్చి కడుక్కున్న మొహం.”

“వాడొచ్చాడా?” అని నేలకేసి అడిగింది అన్నపూర్ణేశ్వరి గారు.

“రాలేదండీ. గట్టు మీద కుక్కొకటే ఉంది. ఆగండాగండి, కంగారెందుకు? వండిన కూర ఎక్కడికి పోతుంది?”

అది నా మాట. అది చెప్పిన తీరు నాది, చివర్లో దీర్ఘం నాది. నాతో మూడు ముక్కలు తెలుగు మాట్లాడని పిల్ల, నా తెలుగంతా ఎక్కడో దాచిపెట్టుకుని, పరాయి ఇంట్లో కూర్చుని ధారగా పోస్తోంది. పదిహేడేళ్లు నేను కాచుకున్నది అదే. అది వచ్చింది, నాకు కాదు. ఇంత కుళ్లు నాలో ఉందని ఆ గుమ్మం ముందు నిలబడేదాకా నాకే తెలియదు. మంచం మీద ఆ మనిషిని చూసి కూడా, ఒక్క క్షణం, నాకు ఆవిడ స్థానంలో పడుకోవాలనిపించింది.

అనంతరామయ్య గారు పేపరు మడిచి, గుసగుసగా చెప్పారు. కుడికన్ను రెండేళ్ల క్రితమే చక్కెర జబ్బు తినేసిందట. దీపావళి ముందు ఎడమకంట్లో పొర చిరిగింది. ఆపరేషన్ చేసి, లోపల గాలి బుడగ పెట్టి, అది కదలకుండా పగలూ రాత్రీ బోర్లా పడుకోమన్నారు. కాస్త కుదురుకుంటోందనుకుంటే మొన్న మళ్లీ చిరిగింది. మళ్లీ ఆపరేషన్, మళ్లీ బోర్లా.

“టీవీ పనిచేయట్లేదని ఒకరోజు మీ ఇంటికొచ్చానమ్మా, తేజ దిగొచ్చి మీ ఖాతా పెట్టింది. ఈవిడ మాటలు మాత్రం వింటానంది. పిల్ల ఊరుకోకుండా చూసింది చూసినట్టు చెప్పడం మొదలెట్టింది. ఇంక శుక్రవారం వస్తే నా పెళ్లాం పాపాయే. మాటలెక్కువున్న సినిమా ఏదో నీ జాబితాలోంచి మీ అమ్మాయే ఏరుతుంది.”

“మరి గ్రూపులో ఆ రాతలు?”

“ఇద్దరూ కలిసి ఫోన్లోకి చెబుతారు, అది అచ్చేసుకుంటుంది. సగం ఈవిడవి, సగం దానివి.”

లోపల పాటేదో వచ్చినట్టుంది. తేజ గొంతు మళ్లీ వినిపించింది. “ఆంటీ, మమ్మీకి చెప్పేయనా? షీ ఈజ్ నాట్ బ్యాడ్, యార్. ఎర్ర గీత చూసినప్పటి నుంచి మొహం ముడుచుకుని తిరుగుతోంది.”

“వద్దే తల్లీ,” అంది అన్నపూర్ణేశ్వరి గారు. “తెలిస్తే మీ అమ్మ జాలిపడుద్ది. ఈ సొసైటీలో నాతో సరిసమానంగా పోట్లాడే మనిషి అదొక్కతే. జాలిపడిందంటే పోట్లాట మానేసి పులుసు గిన్నె పంపిద్ది. అప్పుడు నేను నిజంగా గుడ్డిదాన్నైపోతా. చెప్పు, వాడొచ్చాడా?”

“వస్తున్నాడండీ. గొడుగు లేదు, తడిసి ముద్దయ్యాడు.”

నేను మెల్లిగా వెనక్కి జరిగాను. “నేను రాలేదండీ,” అన్నాను అనంతరామయ్య గారితో.

ఆయన నా మొహం చూశారు. “రాలేదమ్మా,” అని పేపరు మళ్లీ విప్పుకున్నారు.

ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా వంటింట్లోకి వెళ్లాను. ఫ్రిజ్ తెరిచి ములక్కాడ పులుసు గిన్నె బయటికి తీసి, మూత కోసం వెతుకుతుంటే తెలిసొచ్చింది నేనేం చేస్తున్నానో. ఎంత బాగా కనిపెట్టింది మహాతల్లి! గిన్నె మళ్లీ లోపల పెట్టేశాను. స్టవ్ పక్కన నిలబడి కాసేపు నిజంగానే ఏడ్చాను. అందులో ఆవిడ కోసం ఎంత, నా కోసం ఎంత అని ఇప్పుడడిగితే చెప్పలేను.

ఐదున్నరకి గ్రూపులో తీర్పు పడింది. పడవ సినిమాని మెచ్చుకుంది. “కావేరి దీన్ని జాబితాలో రెండోదిగా పెట్టింది. బంగారాన్ని పప్పుడబ్బాలో దాచే రకం,” అని ముగించింది. చప్పట్లు మొదలయ్యాయి. మామూలుగా అయితే పళ్లు కొరుక్కుని ఊరుకునేదాన్ని. ఆ నెలన్నరగా అలాగే ఊరుకుంటున్నాను, ఆ సంగతి అప్పుడు తట్టింది. జాలి లేకుండానే, ఏడుపుతోనే, నేను పోట్లాట మానేశాను. పాపం ఆవిడ బోర్లా పడుకుని ఎదురుచూసి ఉంటుంది.

కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

“అన్నపూర్ణేశ్వరి గారూ, మీకు పడవ సినిమా నచ్చడంలో వింతేమీ లేదు. సముద్రం పక్కన పుట్టినవాళ్లకి ఏరంటే బొమ్మలో చూడాల్సిందే కదా. అలాంటి పడవ, అలాంటి గట్టు మా మండపేటలో పాలవాడు కూడా రోజూ చూస్తాడు. మొదటిదిగా పెట్టిన సినిమా చూసే ఓపిక మీకు లేకపోతే ఆ మాట చెప్పండి, నా జాబితా మీద పడకండి. సామెతలు అరువు తెచ్చుకున్నంత సులువు కాదు, సినిమా ఎంచడం.”

చప్పట్లు ఆగిపోయాయి. సాయినాథ్ “మేడమ్, శాంతి, శాంతి” అన్నాడు. ఎవరో దండం బొమ్మ పెట్టారు. ఐదు నిమిషాలకి జవాబొచ్చింది.

“కావేరీ, గోదావరి పక్కన పుట్టినోళ్లందరికీ ఈతొస్తే ఇంకేం? నీ మొదటి సినిమా కూడా పెట్టాం. మా ఆయన ఈసారి ఇంటర్వెల్ దాకా కూడా ఆగలేదు. ఇన్నాళ్లూ నోరు మూసుకున్నావేమిటా అని దిగులు పడ్డాను, బతికే ఉన్నావన్నమాట!”

పకపకా నవ్వాను. ఒక్కదాన్నే వంటింట్లో కూర్చుని నవ్వాను.

ఆరింటికి తేజ పైకొచ్చింది. ముక్కు చలికి ఎర్రబడి ఉంది. నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. “మమ్మీ, తుమ్ జల్దీ ఆ గయీ?”

“ఇప్పుడే దిగాను. నువ్వెక్కడికెళ్లావు?”

“ఐసే హీ, కింద,” అంది, జడ కొస చూసుకుంటూ. తర్వాత ఉండబట్టలేక, “గ్రూప్‌లో ఆంటీని అంత మాట అన్నావేంటి? సో మీన్!” అంది. మొహం మాత్రం దీపం పెట్టినట్టుంది.

“ఆవిడకి తగ్గట్టే అన్నాను. వచ్చే వారం ఇంకా అంటాను.”

ఏడింటికి మా ఆయన వచ్చి, మఫ్లర్ విప్పి, “తుపాకులా?” అన్నారు.

“పడవ,” అన్నాను.

ఆయన నిట్టూర్చి పల్లీల డబ్బా తెచ్చుకున్నారు. తేజ రిమోట్ తీసుకుంది. ఎర్ర గీత నాకు కనబడకుండా ఎంత వేగంగా వెనక్కి తిప్పిందో చూశాను, చూడనట్టు ఊరుకున్నాను. నాకు వేరే పనుంది. తువ్వాలు ఒకటి చన్నీళ్లలో తడిపి పిండుకుని వచ్చి, సోఫాలో వెనక్కి వాలి, కళ్ల మీద వేసుకున్నాను.

“క్యా హువా?” అంది తేజ.

“పొగకి కళ్లు మండిపోతున్నాయే. తెరవలేకుండా ఉన్నాను.”

“అయితే ఆపేద్దామా? రేపు చూద్దాం,” అన్నారు మా ఆయన.

“వద్దు, నడవనీండి. మాటలు వింటాను.” తువ్వాలు కిందనుంచే అన్నాను, “మాటల్లేని చోట ఏమవుతోందో నువ్వు చెప్పు తేజా.”

సోఫా అటు చివర తేజ లేచి కూర్చున్నట్టయింది. మా ఆయన పల్లీలు నమలడం ఆపారు. దానికి తెలిసిపోయిందని నాకు తెలిసింది. జడ కొస చూసుకుంటోందో, నా వైపు చూస్తోందో మాత్రం తెలియలేదు.

“కిస్ మే?” అంది చివరికి. “హిందీ లేక...?”

“నీకెందులో వస్తే అందులో.”

సినిమా మొదలైంది. మొదటి అరగంటా మాటలే, అవి ఆగాక నీళ్ల చప్పుడు. తేజ కాళ్లు వచ్చి నా ఒళ్లో పడ్డాయి. ఎన్ని వారాలయిందో అలా పెట్టి.

“ఏరు కనబడుతోంది,” అంది. కింద చెప్పినంత ధారగా రాలేదు. సిగ్గుపడుతూ, తడుముకుంటూ వచ్చింది. “తెల్లారుతోంది. మంచు ముసురేసింది. చిన్న పడవొస్తోంది. అందులో ఒకావిడ ఉంది, ఎర్ర చీర. ఒళ్లో సంచి.”

అంతవరకూ మధ్యాహ్నం విన్నదే. ఇంక ఏడ్చి కడుక్కున్న మొహం వస్తుందని, ఆ తర్వాత కుక్క వస్తుందని నాకు తెలుసు. వరస తప్పకుండా చెబుతుందని ఎదురుచూస్తున్నాను. కానీ అది ఆగింది. దాని పాదం నా చేతికింద కాస్త కదిలింది.

“మమ్మీ, ఆ చీర అంచుంది చూశావా, పచ్చది, సన్నగా, మామిడి పిందెలు. నీ బీరువాలో అడుగున పెట్టావే, అమ్మమ్మది, అచ్చం దాని అంచే.”

ఈ ముక్క కింద చెప్పలేదు. అన్నపూర్ణేశ్వరి గారికి చెప్పలేదు. తువ్వాలు తీయకుండా, “ఊఁ, తర్వాత?” అన్నాను.